ఒకే కంప్యూటర్‌లో రెండు ఓఎస్‌లు: ఏదీ ఇంకోదాని మీద ఆధారపడకూడదు

విండోస్ పక్కన లినక్స్ వేసుకున్నాక ఏదో ఒకరోజు రెండిట్లో ఒకటి లేవడం మానేస్తుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. నిజానికి ఎక్కువసార్లు ఆ అవసరమే ఉండదు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) తన పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో దానికి కేటాయించిన భాగంలో, క్షేమంగానే ఉంటుంది. దాని దగ్గరికి తీసుకెళ్లే దారి మాత్రం మధ్యలో ఎక్కడో తెగి ఉంటుంది. ఆ దారిలో ఏ మలుపు ఎక్కడుందో తెలిస్తే బాగుచేసుకోవడం కష్టం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే చూసుకుంటే తెగకుండానే ఉంటుంది. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఒక మిషన్‌లో ఎన్ని ఓఎస్‌లు ఉన్నా సరే, మిగతావన్నీ చెరిపేసినా ప్రతి ఒక్కటీ తనంతట తాను బూట్ అవగలగాలి, అంటే లేవగలగాలి. కింద చెప్పే ప్రతి సలహా వెనకా ఉన్నది ఈ లెక్కే.

బూట్ దారి ఎలా వెళ్తుంది

కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచేది మదర్‌బోర్డులోని బయోస్ అనే ప్రోగ్రామ్. పాత బయోస్‌కి ఓఎస్ అంటే ఏంటో తెలియదు. డిస్క్ మొదటి సెక్టార్‌లోని 512 బైట్లు చదివి, అందులో ఉన్న కోడ్‌ని నడిపించేది, అంతే. ఆ 512లో కోడ్‌కి దక్కేది 446 బైట్లే. 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకి పోతాయి, చివరి 2 బైట్లు గుర్తు కోసం. ఒకే ఒరలో రెండు కత్తులు పట్టవు కదా, చివర్లో ఇన్‌స్టాల్ అయిన ఓఎస్ ముందున్నదాని కోడ్‌ని తుడిచేసి తనది రాసేది. విండోస్ అక్కడ తన కోడ్ పెడితే దానికి లినక్స్ సంగతి పట్టదు. లినక్స్ తన బూట్‌లోడర్ (ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) అయిన గ్రబ్ పెడితే అది రెండింటినీ చూపిస్తుంది. ‘ముందు విండోస్, తర్వాత లినక్స్’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పటి మిషన్లలో పాత బయోస్ స్థానంలో ఉండే యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. డిస్క్ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పట్టిక పద్ధతిలో ఉంటుంది. అందులో ఈఎస్పీ (ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్) అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్ ఒకటి. దాంట్లో ‘ఈఎఫ్ఐ’ అనే ఫోల్డరు, ఆ ఫోల్డరులో ప్రతి ఓఎస్‌కీ ఒక గది: మైక్రోసాఫ్ట్, ఉబుంటు, ఫెడోరా, డెబియన్ ఇలా. ఎవరి బూట్‌లోడర్ ఫైలు వాళ్ల గదిలో ఉంటుంది, ఒకరిది ఇంకొకరు తుడవాల్సిన పని లేదు. ఇది కాక, మదర్‌బోర్డులోని చిన్న మెమరీలో, అంటే ఎన్‌వీర్యామ్‌లో, బూట్ ఎంట్రీల జాబితా ఉంటుంది. ప్రతి ఎంట్రీలోనూ పేరు, ఏ పార్టిషన్, ఏ ఫైలు అన్నవి రాసి ఉంటాయి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వరుస వేరే ఉంటుంది.

కాబట్టి దారికి మూడు మజిలీలు: ఎన్‌వీర్యామ్‌లో ఎంట్రీ, ఈఎస్పీలో ఫైలు, ఆ ఫైలు వెతికే ఓఎస్ పార్టిషన్. ఏది తెగిందో కూడా చూడగానే తెలుస్తుంది. బూట్ మెనూలో ఆ ఓఎస్ పేరే కనపడకపోతే ఎంట్రీ పోయింది. పేరు ఉండి, నొక్కగానే మళ్లీ మెనూకే వచ్చేస్తుంటే ఫైలు పోయింది. బూట్‌లోడర్ లేచి, అక్కడి నుంచి కదలకపోతే తప్పు దాని సెట్టింగుల్లోనో, పార్టిషన్‌లోనో ఉంది.

ఎంట్రీలు పోవడానికి మామూలు కారణం బయోస్ అప్‌డేట్ (యూఈఎఫ్ఐని కూడా వాడుకలో బయోస్ అనే అంటారు, ఇక మీదట నేనూ అలాగే అంటాను). కొన్ని మదర్‌బోర్డులు అప్‌డేట్ అయ్యాక జాబితాని తుడిచేసి, విండోస్ ఫైలు ఉండే చోటు తమకు తెలుసు కాబట్టి దాన్ని మాత్రం తిరిగి చేర్చుకుంటాయి. దీనికి ముందుజాగ్రత్త ఉంది. ‘ఈఎఫ్ఐ’ ఫోల్డరులో ‘బూట్’ అనే ఇంకో ఫోల్డరు ఉంటుంది. జాబితాలో ఏమీ దొరకనప్పుడు ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోని ఆ యూఈఎఫ్ఐ ప్రోగ్రామ్, వెతుక్కునే చోటు అది. అక్కడ ‘బూట్ఎక్స్64’ అన్న ఫైలు ఉంటే నడిపిస్తుంది. లినక్స్‌కి సొంత డిస్క్ ఉంటే ఉబుంటు, డెబియన్‌లలో గ్రబ్‌ని ‘రిమూవబుల్’ ఆప్షన్‌తో ఇంకోసారి ఇన్‌స్టాల్ చేయండి, దాని కాపీ అక్కడ కూడా పడుతుంది. జాబితా మొత్తం పోయినా ఆ డిస్క్ బూట్ అవుతుంది.

ఏది ఎంచుకోవాలి

ముందు డ్యూయల్ బూట్ అవసరమా అన్నది తేల్చుకోండి. నెలకోసారి ఒక ప్రోగ్రామ్ నడపడానికైతే వర్చువల్ మిషన్ (ఒక ఓఎస్ లోపలే ఇంకోదాన్ని నడిపే ప్రోగ్రామ్) చాలు. విండోస్‌లో ఉంటూ లినక్స్ కమాండ్లు మాత్రం కావాలంటే విండోస్‌లోనే లినక్స్‌ని నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలం కావాలన్నా, హార్డ్‌వేర్‌తో నేరుగా పని ఉన్నా, యాంటీ-చీట్ ఉన్న ఆటలు ఆడాలన్నా అసలు మిషన్ మీద బూట్ చేయక తప్పదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళాలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్‌కి (సంతకం ఉన్న బూట్‌లోడర్లనే నడవనిచ్చే ఏర్పాటు) పనికొచ్చే యూఈఎఫ్ఐ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, అనుమతించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇవి లేని మిషన్ లినక్స్‌తో ఇంకా చాలాకాలం పనిచేస్తుంది. లినక్స్‌లలో చూడాల్సింది అందం కాదు, సపోర్ట్ ఎన్నాళ్లు అన్నది. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) సరి సంఖ్య సంవత్సరాల్లో ఏప్రిల్‌లో వస్తుంది, 5 ఏళ్లు అప్‌డేట్లు ఇస్తారు. లినక్స్ మింట్ ప్రధాన ఎడిషన్ దాని మీదే కట్టింది. ఫెడోరా ఆరేసి నెలలకి కొత్తది, ఒక్కో వెర్షన్‌కి 13 నెలల సపోర్ట్. డెబియన్ దాదాపు రెండేళ్లకొకటి. ల్యాప్‌టాప్ మరీ కొత్తదైతే వైఫై, గ్రాఫిక్స్ కోసం కొత్త కెర్నల్ (హార్డ్‌వేర్‌తో మాట్లాడే ఓఎస్ గుండెకాయ) కావాలి, ఫెడోరా వైపు వెళ్లండి. మిషన్ రెండు మూడేళ్ల పాతదైతే ఎల్‌టీఎస్ నిశ్చింత. సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉంచాలనుకుంటే ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఓపెన్‌సూసే వీటిలో ఒకటి తీసుకోండి. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న ‘షిమ్’ అనే మొదటి బూట్‌లోడర్ వీటితో పాటే వస్తుంది. ఆర్చ్‌లో ఆ ఏర్పాటు మీరే చేసుకోవాలి.

ఎం-సిరీస్ మ్యాక్‌ల కథ పూర్తిగా వేరు, వాటిలో యూఈఎఫ్ఐ లేదు. కింద చెప్పేవేవీ వాటికి వర్తించవు.

ఇన్‌స్టాల్‌కి ముందు విండోస్‌లో చేయాల్సినవి

మొదట బ్యాకప్. ఆ వెంటనే బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్ సంగతి. నేనెప్పుడూ ఆన్ చేయలేదు అనుకోకండి. హోమ్ ఎడిషన్‌లో కూడా ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ పేరుతో అది తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. సెక్యూర్ బూట్, బూట్ వరుస, బయోస్ సెట్టింగులు ఏవి మార్చబోతున్నా ముందు బిట్‌లాకర్‌ని ‘సస్పెండ్’ చేయండి. డిస్క్ తాళంచెవి టీపీఎం చిప్‌లో ఉంటుంది. బూట్ దారిలో ఏది మారినా ఆ చిప్ తీసుకునే కొలత మారిపోతుంది, తాళంచెవి ఇవ్వదు. అప్పుడు నీలం తెర మీద ఆ 48 అంకెలు అడుగుతుంది.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో దాని టిక్ ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే ‘షట్ డౌన్’ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని హైబర్నేట్ చేసి డిస్క్‌లో దాచుకుంటుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ సగం తెరిచిన పుస్తకంలా ఉండిపోతుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి అందులో రాస్తే ఫైళ్లు పాడవుతాయి కాబట్టి లినక్స్ దాన్ని మౌంట్ చేయడానికి (తెరిచి వాడుకోవడానికి) ఒప్పుకోదు, లేదా చదవడానికి మాత్రమే ఇస్తుంది. ‘విండోస్ ఈజ్ హైబర్నేటెడ్, రిఫ్యూజ్డ్ టు మౌంట్’ అని చెప్పేది ఇందుకే. బలవంతంగా మౌంట్ చేసే ఆప్షన్లు వెతక్కండి. విండోస్‌లోకి వెళ్లి ‘రీస్టార్ట్’ నొక్కండి. రీస్టార్ట్‌కి ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు, విండోస్ నిజంగా ఆగుతుంది.

పార్టిషన్ కుదించడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేయండి. 200 జీబీ ఖాళీ ఉన్నా 15 జీబీకి మించి కుదించనివ్వకపోతే కంగారు పడొద్దు. కదపకూడని ఫైళ్లు, అంటే పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు, ఆ ఖాళీకి మధ్యలో కూర్చుని ఉంటాయి. ఆ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రయత్నించండి. పని అయ్యాక పేజ్‌ఫైల్‌ని, రిస్టోర్ పాయింట్లని తిరిగి ఆన్ చేయడం మర్చిపోవద్దు. లినక్స్‌కి 50 జీబీ ఇస్తే సుఖంగా ఉంటుంది, 30 జీబీతో సర్దుకోవచ్చు. ఫార్మాట్ చేయకుండా ఖాళీగానే వదలండి.

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు ఎదురవుతుంది: లినక్స్ ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనపడదు. బయోస్‌లో స్టోరేజ్ ఆర్‌ఎస్‌టీ రెయిడ్ మోడ్‌లోనో, వీఎండీ మోడ్‌లోనో ఉండడం దీనికి మామూలు కారణం. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి, కానీ నేరుగా మారిస్తే విండోస్ ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని ఆగిపోతుంది, ఎందుకంటే బూట్ సమయంలో ఎక్కించాల్సిన ఏహెచ్‌సీఐ డ్రైవర్ అప్పటిదాకా నిద్రలో ఉంది. వరుస ఇదీ: బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ బూట్ సెట్టింగుల ప్రోగ్రామ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. విండోస్ లేచేలోపే బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి డ్రైవర్‌ని ఎక్కించుకుంటుంది. అప్పుడు టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

యూఎస్‌బీ, దాన్ని బూట్ చేయడం

ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒక ఫైలు) దించుకున్నాక దాని షా256 విలువ, అంటే ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య, సరిచూడండి. ఇన్‌స్టాల్ సగంలో వచ్చే అర్థంలేని తప్పులు చాలావరకు సగం దిగిన ఫైలు వల్లో, చచ్చిపోతున్న పెన్‌డ్రైవ్ వల్లో వస్తాయి. దాన్ని పెన్‌డ్రైవ్ మీద రాయడానికి రూఫస్ అనే ప్రోగ్రామ్ బాగుంటుంది. రెండు మూడు ఓఎస్‌లు చూసి ఎంచుకోవాలంటే వెంటాయ్ ఇంకా నయం. ఒకసారి డ్రైవ్‌ని సిద్ధం చేశాక ఐఎస్ఓ ఫైళ్లని మామూలు ఫైళ్లలా కాపీ చేస్తే మెనూలో కనపడతాయి. విండోస్ ఐఎస్ఓని ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీద చేత్తో కాపీ చేయాలని చూస్తే కుదరదు. అందులోని ‘ఇన్‌స్టాల్ విమ్’ ఫైలు తరచూ 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32లో అంత పెద్ద ఫైలు పట్టదు.

బూట్ మెనూ తెరిచే కీబోర్డు కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఎంఎస్ఐ బోర్డుల్లో ఎఫ్11, అసూస్ బోర్డుల్లో ఎఫ్8. కీ నొక్కే సందు దొరక్కపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ‘యూజ్ ఎ డివైస్’ ఎంచుకోండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మెనూని జాగ్రత్తగా చదవండి. పాత పద్ధతి కూడా తెరిచి ఉన్న మిషన్లలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడుతుంది: ఒక వరుసలో పేరు ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉంటుంది, ఇంకోదాంట్లో వట్టి పేరే ఉంటుంది. వట్టి పేరున్నది ఎంచుకుంటే లినక్స్ పాత బయోస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అవుతుంది. విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ ఇంకో పద్ధతిలో ఉంటే ఒకదాని మెనూ నుంచి ఇంకోదాన్ని లేపడం కుదరదు. విండోస్ ఏ పద్ధతిలో ఉందో ఎంఎస్ఇన్ఫో32 (సిస్టమ్ సమాచారం చూపే ప్రోగ్రామ్) తెరిస్తే ‘బయోస్ మోడ్’ అన్న వరుసలో ఉంటుంది. యూఎస్‌బీ నుంచే నడిచే లైవ్ లినక్స్‌లో అయితే ‘సిస్’ కింద ‘ఫర్మ్‌వేర్’ ఫోల్డరులో ‘ఈఎఫ్ఐ’ ఉందా చూడండి. ఉంటే యూఈఎఫ్ఐలోనే లేచారు.

ఒక డిస్కా, రెండా

స్లాట్ ఖాళీ ఉంటే రెండో డిస్క్ వేయించుకోండి. దీనికి సాటి వచ్చే ఏర్పాటు ఇంకోటి లేదు. అయితే రెండు డిస్క్‌లు పెట్టినంత మాత్రాన విడిపోయినట్టు కాదు. విండోస్ ఇన్‌స్టాలర్ వేరే డిస్క్ మీద ఈఎస్పీ కనపడితే తన బూట్ ఫైళ్లు దాంట్లోనే పెట్టేస్తుంది. లినక్స్ ఇన్‌స్టాలర్లలో కూడా కొన్ని, మీరు బూట్‌లోడర్ చోటు ఏది ఎంచుకున్నా, మొదటి ఈఎస్పీలోనే రాస్తాయి. తర్వాత ఎప్పుడో మొదటి డిస్క్ తీసేస్తే రెండోది కూడా లేవదు. అందుకని ఒక ఓఎస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండో డిస్క్‌ని ఊడదీయండి, లేదా బయోస్‌లో ఆ స్లాట్‌ని ఆపేయండి. ఐదు నిమిషాల పని, ఏళ్ల తరబడి ఫలం.

ఒకే డిస్క్ అయితే ఉన్న ఈఎస్పీని పంచుకోవాలి. ఇన్‌స్టాలర్‌లో చేత్తో పార్టిషన్లు చేసేటప్పుడు దాన్ని ‘బూట్/ఈఎఫ్ఐ’ చోట మౌంట్ చేయమనండి. ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టొద్దు, పెడితే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి. విండోస్ చేసే ఈఎస్పీ తరచుగా 100 ఎంబీనే ఉంటుంది. గ్రబ్ వాడే ఉబుంటు, మింట్, ఫెడోరాలకి అది సరిపోతుంది, ఎందుకంటే కెర్నల్‌లు లినక్స్ వైపే ఉంటాయి. సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్‌లోడర్ వాడే పాప్ ఓఎస్ లాంటివి కెర్నల్‌నే ఈఎస్పీలో పెడతాయి, వాటికి 100 ఎంబీ ఏ మూలకీ చాలదు.

మెనూ

గ్రబ్‌లో విండోస్ కనపడట్లేదన్న ప్రశ్నకి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, ఇతర ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని భద్రత కోసం మొదట్నుంచే ఆపి ఉంచుతున్నారు. ‘ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్’ ఫైల్లో ‘గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్’ లైనుకి విలువ ‘ఫాల్స్’ అని పెట్టి, ఉబుంటు, డెబియన్‌లలో ‘అప్‌డేట్-గ్రబ్’ నడపండి.

అయినా బిట్‌లాకర్ ఉన్న విండోస్‌ని గ్రబ్ మీదుగా లేపొద్దనే నా సలహా. దారిలో షిమ్, గ్రబ్ చేరడంతో టీపీఎం కొలత మారి రికవరీ కీ అడగొచ్చు. విండోస్‌ని ఫర్మ్‌వేర్ మెనూ నుంచే నేరుగా లేపండి. రోజూ మెనూ చూడటానికి అందంగా ఉండాలంటే రెఫైండ్ అనే బూట్ మెనూ ప్రోగ్రామ్ ఉంది. ఈఎస్పీల్లో ఉన్న బూట్‌లోడర్లని ప్రతిసారీ తనే వెతుక్కుంటుంది, సెట్టింగుల ఫైలు మార్చాల్సిన పని పెద్దగా ఉండదు.

తర్వాత పలకరించే చిక్కులు

గడియారం: విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది. ఇటు నుంచి అటు మారినప్పుడల్లా గంటలు తేడా వస్తాయి. లినక్స్‌ని స్థానిక సమయానికి మార్చడం తేలికే, కానీ వేసవి సమయం పాటించే చోట్ల గంట రెండుసార్లు జరిగిపోతుంది. విండోస్‌నే మార్చండి: రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల నిల్వ) టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కింద ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ అనే డీవర్డ్ చేసి విలువ 1 ఇస్తే సరి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఒక ఓఎస్‌లో జత చేస్తే ఇంకోదాంట్లో తెగిపోతుంది. రెండు ఓఎస్‌లకీ అడాప్టర్ అడ్రస్ ఒకటే, కాబట్టి హెడ్‌ఫోన్‌కి రెండూ ఒకే కంప్యూటర్. రెండోసారి జత చేయగానే పాత కీ మీద కొత్త కీ రాసేసుకుంటుంది. లినక్స్‌లో ముందు జత చేసి, తర్వాత విండోస్‌లో జత చేసి, విండోస్ రిజిస్ట్రీలోని కీని లినక్స్ బ్లూటూత్ ఫైల్లో రాస్తే రెండు చోట్లా పనిచేస్తుంది.

సెక్యూర్ బూట్‌తో ఎన్విడియా డ్రైవర్ వేస్తే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే వచ్చే నీలం తెర 10 సెకన్లే ఆగుతుంది. ఆలోపే కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’ (మీ మిషన్ సొంత సంతకపు కీని నమోదు చేయడం) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. వదిలేస్తే డ్రైవర్ ఉన్నా ఎక్కదు.

2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లని నిషేధించే జాబితాని డ్యూయల్ బూట్ మిషన్లలో కూడా పెట్టేసింది. ‘షిమ్ ఎస్‌బ్యాట్ డేటా’ తనిఖీ విఫలమైందన్న సందేశంతో చాలా లినక్స్‌లు ఆగిపోయాయి. ఇలాంటిది ఎదురైతే సెక్యూర్ బూట్ ఆపి లినక్స్‌లోకి వెళ్లి, ‘మోక్‌యుటిల్’ కమాండ్‌తో ఎస్‌బ్యాట్ పాలసీని, అంటే ఆ నిషేధ జాబితాని, డిలీట్ చేసి, ఒకసారి మళ్లీ లినక్స్‌లోకే బూట్ అయి, షిమ్‌ని అప్‌డేట్ చేసుకుని, సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయాలి. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు కూడా 2026 జూన్ నుంచి ముగుస్తుంది, వాటి చోట 2023 సర్టిఫికెట్లు వస్తున్నాయి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వాయిదా వేయకండి.

బాగుచేయడం, తీసేయడం

విండోస్ బూట్ ఫైళ్లు పోతే విండోస్ యూఎస్‌బీతో లేచి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, డిస్క్‌పార్ట్ కమాండ్‌లో ఈఎస్పీకి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, బూట్ ఫైళ్లు మళ్లీ రాసే ‘బీసీడీబూట్’ని విండోస్ ఫోల్డరు దారి, ఆ అక్షరం, యూఈఎఫ్ఐ అన్న రకం చెప్పి నడపండి. అక్కడ విండోస్ డ్రైవ్‌కి ‘సీ’ బదులు వేరే అక్షరం ఉండొచ్చు, ముందే చూసుకోండి.

ఉబుంటు, డెబియన్‌లకైతే లైవ్ యూఎస్‌బీలో లినక్స్ పార్టిషన్‌ని, దాని లోపల ఈఎస్పీని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్, రన్‌లని కలిపి క్రూట్‌లోకి, అంటే డిస్క్‌లోని ఆ లినక్స్ లోపలికి, వెళ్లి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ‘ఈఎఫ్ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్’ అంటే యూఎస్‌బీని పాత పద్ధతిలో లేపారన్నమాట. బయటికి వచ్చి యూఈఎఫ్ఐ అని ఉన్న వరుసతో మళ్లీ లేపండి. ఫెడోరాలో మాత్రం యూఈఎఫ్ఐ మీద గ్రబ్-ఇన్‌స్టాల్ నడపకూడదు, షిమ్, గ్రబ్ ప్యాకేజీలని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

లినక్స్ తీసేయాలంటే పార్టిషన్ చెరపడంతో మొదలుపెట్టకండి. అలా చేస్తే ఈఎస్పీలో మిగిలిన గ్రబ్ తన సెట్టింగులు దొరక్క నల్ల తెర మీద ‘గ్రబ్>’ అని మాత్రం చూపిస్తూ నిలబడుతుంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చి, రెండుసార్లు రీస్టార్ట్ చేసి అది నేరుగా లేస్తోందని చూసుకోండి. అప్పుడు లినక్స్ పార్టిషన్లు చెరపండి. తర్వాత అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘మౌంట్‌వాల్’తో ఈఎస్పీని తెరిచి, ‘ఈఎఫ్ఐ’ కింద ఉన్న ఆ లినక్స్ ఫోల్డరు ఒక్కటే తీసేయండి. ఎన్‌వీర్యామ్‌లో మిగిలిన ఎంట్రీని బయోస్‌లో చెరిపే వీలుంటే అక్కడ, లేకపోతే ‘బీసీడీఎడిట్’తో ఫర్మ్‌వేర్ జాబితా చూసి దాని గుర్తింపు సంఖ్య పట్టుకుని చెరపండి.